కీబోర్డు వంక చూడకుండా: ఒక సెమిస్టర్ టైపింగ్ తరగతిపై సమీక్ష

పదేళ్లకు పైగా కంప్యూటర్ మీద పని చేస్తూ కూడా నేను ఏనాడూ టైపింగ్ నేర్చుకోలేదు. రెండు చూపుడు వేళ్లు, అప్పుడప్పుడు కుడిచేతి మధ్య వేలు, స్పేస్ బార్‌కు ఎడమ బొటనవేలు, ఇంతే నా సరంజామా. ఈ వయసులో మళ్లీ కాలేజీలో చేరినప్పుడు, ఎంచుకోదగిన సబ్జెక్టుల పట్టికలో ప్రారంభ స్థాయి కీబోర్డింగ్ అన్న పేరు చూసి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, పొడవైన నివేదిక రాసిన ప్రతిసారీ మెడ పట్టేయడానికీ, తెర మీద తప్పు పడిన సంగతి వాక్యం పూర్తయ్యాక గాని తెలియకపోవడానికీ కారణం ఒకటేనని తట్టి, పేరు రాయించుకున్నాను. 16 వారాలు, వారానికి రెండు తరగతులు, ఒక్కొక్కటి 75 నిమిషాలు. సెమిస్టర్ ముగిసింది కాబట్టి, ఇలాంటి తరగతిలో చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్న వారికి పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను. బోధన చాలా బాగుంది, సాఫ్ట్‌వేర్ ఫరవాలేదు, పాఠ్యపుస్తకం ఒక మోస్తరు, ల్యాబ్ బాగాలేదు, పరీక్షల్లో ఒకటి అర్థం లేనిది. అయినా మళ్లీ చేరమంటే చేరతాను.

మొదటి రోజు పాఠమేమీ చెప్పలేదు. ఒక వ్యాసం చేతికిచ్చి, ఎవరికి వచ్చినట్టు వారిని అయిదు నిమిషాలు టైపు చేయమన్నారు. నాకు నిమిషానికి 29 పదాలు వచ్చాయి. 24 మంది ఉన్న తరగతిలో అది మరీ తీసికట్టు కాదు గనుక కొంచెం గర్వంగానే కూర్చున్నాను. ఆ వెంటనే అధ్యాపకురాలు మమ్మల్ని ఇద్దరిద్దరుగా జత చేసి, ఒకరు టైపు చేస్తుంటే రెండో వారు పక్కన నిలబడి, చూపు ఎన్నిసార్లు కీబోర్డు మీదికి దిగిందో కాగితం మీద గీతలు పెట్టి లెక్కించమన్నారు. ఒక్క నిమిషంలో నా చూపు 43 సార్లు దిగింది. ఆ గీతల కాగితాన్ని ఆవిడ నా చేతికే ఇచ్చి, సెమిస్టర్ చివరి దాకా దాచుకోమన్నారు. నా 29 గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు.

తర్వాతి రెండు వారాలు మధ్య వరుస చుట్టూనే తిరిగాయి. ఎడమచేతి నాలుగు వేళ్లు ఎ, ఎస్, డి, ఎఫ్ మీద, కుడిచేతి నాలుగు వేళ్లు జె, కె, ఎల్, సెమికోలన్ మీద ఉండాలన్నది ఎవరైనా వినే ఉంటారు. ఎఫ్, జె మీటల మీద చిన్న గీత లాంటి ఉబ్బు ఉంటుందన్న సంగతి మాత్రం పదేళ్లలో నా వేళ్లకు ఒక్కసారి కూడా తగల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు తెర మీద నిలిపి, ఆ రెండు ఉబ్బులను తడిమి పట్టుకోవడం, మళ్లీ ఒళ్లోకి తెచ్చుకోవడం: మొదటి తరగతిలో పావుగంట పాటు ఒక్క అక్షరం కూడా కొట్టకుండా చేసిన సాధన ఇదే. విసుగనిపించిన మాట నిజం. కాని పనిలో మునిగి ఉండగా ఫోన్ మోగితే అందుకుని, తిరిగి చేతులు వెనక్కి తెచ్చేటప్పుడు కిందికి చూడవలసిన అవసరం ఈరోజు లేకుండా పోయిందంటే ఆ పావుగంట పుణ్యమే.

మధ్య వరుస నుంచి ఏ వేలు ఎటు కదలాలో నేర్పిన పద్ధతి కూడా నాకు నచ్చింది. ఇరవై ఆరు అక్షరాల్లో పన్నెండింటి భారం రెండు చూపుడు వేళ్లదే. ఎడమ చూపుడు వేలికి ఆర్, ఎఫ్, వి, టి, జి, బి. కుడి చూపుడు వేలికి వై, హెచ్, ఎన్, యు, జె, ఎమ్. చిటికెన వేళ్లకు అక్షరాలు తక్కువే, కాని చాకిరీ ఎక్కువ: కుడి చిటికెన వేలికి పి ఒక్కటే అక్షరమైనా ఎంటర్, బ్యాక్‌స్పేస్, కుడి షిఫ్ట్, విరామచిహ్నాల్లో సగం దాని నెత్తినే ఉన్నాయి. పెద్ద అక్షరం కొట్టవలసి వచ్చినప్పుడు ఆ అక్షరం ఏ చేతిదో చూసి, రెండో చేతి చిటికెన వేలితో షిఫ్ట్ నొక్కాలన్న నియమం నాకు పూర్తిగా కొత్త. ఇన్నేళ్లూ ఎడమ షిఫ్ట్ ఒక్కటే వాడిన వాణ్ని కావడం వల్ల, పెద్ద ఎ కొట్టాలంటే ఎడమచెయ్యి మొత్తం మెలితిరిగేది. కుడి షిఫ్ట్ అలవాటు కావడానికి ఏడు వారాలు పట్టింది. తరగతిలో నేను నేర్చుకున్న వాటన్నిటిలోకీ కష్టమైనది ఇదే.

రెండో వారం చివర నా వేగం 29 నుంచి 11కి పడిపోయింది. ఈ పతనం అందరికీ తప్పదు. ఇంతకు ముందు ఏదో ఒక పద్ధతిలో వేగంగా కొట్టగలిగిన వారికి అది మరీ బాధగా ఉంటుంది, ఎందుకంటే బొత్తిగా రాని వాడు 11 చూసి సంతోషిస్తాడు, వచ్చిన వాడు అదే 11 చూసి తన చేతులు ఎవరో ఎత్తుకుపోయినట్టు బాధపడతాడు. ఈ విషయంలో కాలేజీ మీద నాకొక ఫిర్యాదు ఉంది. మిగతా సబ్జెక్టుల పని ఆగదు కదా. వ్యాసాలు, ఉత్తరాలు, లెక్కల నివేదికలు అన్నీ అదే కీబోర్డు మీద, గడువులోగా పూర్తి చేయాలి. నిమిషానికి 11 పదాలతో రెండు వేల పదాల వ్యాసం కొట్టాలంటే మూడు గంటలు పైగా పడుతుంది. నాలుగో వారంలో ఒక రాత్రి గడువు ముంచుకొచ్చి, పాత పద్ధతికి తిరిగి రెండు వేళ్లతో మొత్తం వ్యాసం కొట్టేశాను. మర్నాడు తరగతిలో చేతులు రెండు పద్ధతులను కలిపేసి, అప్పటికి 17 దాకా వచ్చిన వేగం 13కి జారడమే గాక, తప్పులు రెట్టింపయ్యాయి. నేనేమీ చెప్పకుండానే, అధ్యాపకురాలు నా వేళ్ల వంక చూసి, "నిన్న రాత్రి ఎన్ని పేజీలు రాశారు?" అన్నారు. రాత పని ఎక్కువగా ఉన్న సబ్జెక్టులతో కలిపి ఈ తరగతి తీసుకోవద్దని నమోదు సమయంలోనే ఒక వాక్యం రాసి పెట్టి ఉంటే నాబోటి వాళ్లకు ఎంతో మేలయ్యేది. మీరు చేరబోతుంటే, మొదటి ఆరు వారాల్లో పెద్ద రాతపనులేవీ లేని సెమిస్టర్ చూసుకోండి.

ఆవిడకు ఎలా తెలిసిందన్నది ఈ తరగతి గురించి చెప్పవలసిన ముఖ్యమైన సంగతి. టైపింగ్ నేర్పే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నాయి, తరగతికి డబ్బు ఖర్చు పెట్టడం దేనికి అని నన్ను చాలామంది అడిగారు. మేం ల్యాబ్‌లో వాడినది కూడా అలాంటి సాఫ్ట్‌వేరే. ఏ మీట నొక్కామో, ఎంత సేపట్లో నొక్కామో అది మిల్లీ సెకన్లలో లెక్కగడుతుంది గాని, ఏ వేలితో నొక్కామో దానికి తెలియదు. సి ని మధ్య వేలితో కొట్టినా చూపుడు వేలితో కొట్టినా దాని దృష్టిలో ఒకటే. కళ్లు తెర మీద ఉన్నాయో మీటల మీద ఉన్నాయో దానికి అసలే పట్టదు. నా పక్క కుర్చీలో కూర్చున్న కుర్రవాడు పాఠాలన్నీ తొంభై తొమ్మిది శాతం కచ్చితత్వంతో, ఆరు వేళ్లతో, చూస్తూనే పూర్తి చేశాడు. సాఫ్ట్‌వేర్ అతనికి పతకాల బొమ్మలు ఇచ్చుకుంటూ పోయింది. అధ్యాపకురాలు మాత్రం మూడో తరగతిలోనే అతని చేతుల మీద చిన్న తువ్వాలు కప్పారు. ఆ రోజు అతని వేగం సగానికి పడింది, అతని ముఖం కూడా.

ఆవిడ పాఠం చెప్పే తీరు ఎక్కువగా నడకే. వరుసల వెనుక నుంచి నెమ్మదిగా తిరుగుతూ, భుజం దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఎడమ ఉంగరపు వేలు" అని మాత్రం అని ముందుకు వెళ్లిపోతారు. ఆ మూడు మాటల్లో ఆ పూట సరిచేసుకోవలసినది మొత్తం ఉంటుంది. నా విషయంలో ఆవిడ పట్టుకున్న తప్పులు మూడు. మొదటిది, వై అక్షరాన్ని ఎడమ చూపుడు వేలితో కొట్టడం. రెండోది, ఎక్స్ కోసం ఉంగరపు వేలు దిగవలసిన చోట మధ్య వేలిని దించడం. మూడోది మరీ విచిత్రమైనది: ఇ కొట్టవలసిన చోట ఐ, డి కొట్టవలసిన చోట కె పడేది. కంటికి పోలిక లేని ఈ అక్షరాలు ఎందుకు తారుమారవుతున్నాయో నాకు అంతుపట్టలేదు. ఎడమ మధ్య వేలు పైకి వెళ్తే ఇ, కుడి మధ్య వేలు అలాగే పైకి వెళ్తే ఐ. కదలవలసిన వేలూ దిశా మనసు సరిగ్గానే ఎంచుకుంటోంది, చెయ్యే మారిపోతోంది అని ఆవిడ వివరించాక నవ్వొచ్చింది. అద్దంలో చూసుకున్నట్టు రెండు చేతులూ ఒకదానికొకటి ప్రతిబింబాలు గనుక, కొత్తగా నేర్చుకునే వారిలో ఈ తప్పు మామూలేనట. దీనికి ఆవిడ ఇచ్చిన మందు, ఇ, ఐ రెండూ పక్కపక్కన వచ్చే పదాలను అతి నెమ్మదిగా, గడియారం టిక్కుమన్నప్పుడు ఒక్కొక్క మీట చొప్పున కొట్టడం. రెండు వారాల్లో తగ్గింది.

ఇక కొలత గురించి. టైపింగ్‌లో పదమంటే నిఘంటువులో పదం కాదు, ఖాళీలతో కలిపి అయిదు మీటల దెబ్బలు. ఉదాహరణకు అయిదు నిమిషాల్లో 1,100 సార్లు మీటలు నొక్కితే 220 పదాలు, అంటే నిమిషానికి 44 స్థూల వేగం. అందులో 10 తప్పులు మిగిలిపోతే ఆ పదిని తీసేసి, 210 ని అయిదుతో భాగించగా వచ్చే 42 నికర వేగం. మా తరగతిలో మార్కులు నికర వేగానికే, అదీ కచ్చితత్వం 95 శాతం దాటితేనే. అంతకు తగ్గితే వేగం ఎంతైనా సున్నాయే. ఈ నిబంధన మీద మొదట్లో గొడవ జరిగింది. ఇంటి దగ్గర ఒక నిమిషం పరీక్షల్లో 50, 55 తెచ్చుకుని వచ్చిన వారు తరగతిలో 30 చూసి ఒప్పుకోలేదు. ఒక నిమిషం అంటే ఊపిరి బిగబట్టి పరుగెత్తే దూరం. అయిదు నిమిషాల్లో గాని భుజాలు బిగుసుకోవడం, ఏకాగ్రత చెదరడం, ఒక తప్పు పడగానే కంగారులో మరో మూడు పడటం బయటపడవు. పరీక్షలో బ్యాక్‌స్పేస్ పనిచేయకుండా చేయడం మాత్రం నాకు సబబుగా అనిపించలేదు. నిజమైన పనిలో తప్పును దిద్దుకోవడం కూడా నైపుణ్యంలో భాగమే, దాన్ని నిషేధించి కొలిచిన వేగం రోజువారీ పనికి సరిగ్గా అద్దం పట్టదు. సాధనలో నిషేధించారంటే ఒప్పుకుంటాను, ఎందుకంటే దిద్దే సౌకర్యం లేకపోతేనే చెయ్యి తొందర మానుతుంది.

పాఠ్యపుస్తకం సంగతి క్లుప్తంగా చెబుతాను. అభ్యాసాల వరుస బాగానే కూర్చారు: మధ్య వరుస, ఆ తర్వాత ఇ, హెచ్, ఐ, ఆర్ లాంటి తరచుగా వాడే అక్షరాలు, చివర క్యూ, జెడ్. అర్థంలేని అక్షరాల గుంపులతో పేజీలకు పేజీలు నింపడమే దోషం. మూడు వరుసలు వచ్చేశాక కూడా ఎఫ్ జె ఎఫ్ జె అని కొట్టించడం వల్ల ఒరిగేదేమీ లేదు. నిజమైన పదాల్లో కలిసి వచ్చే అక్షరాల జంటలు చేతికి అబ్బితేనే వేగం వస్తుంది. రెండో అధ్యాయంలో ఇచ్చిన చరిత్ర కూడా కొంత తప్పుదోవ పట్టిస్తుంది. క్రిస్టఫర్ లేథమ్ షోల్స్, అతని సహచరులు 1868లో టైపురైటర్ పేటెంటు పొందడం, రెమింగ్టన్ సంస్థ 1874లో ఆ యంత్రాన్ని అమ్మకానికి తేవడం, దానిలో అన్నీ పెద్ద అక్షరాలే ఉండటం, షిఫ్ట్ మీటతో చిన్న అక్షరాలు కూడా వచ్చిన రెమింగ్టన్ రెండో నమూనా 1878లో రావడం, ఇంతవరకూ సరే. పై అక్షర వరుస క్యూ, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అని మొదలయ్యే, మనమంతా వాడే క్వెర్టీ అమరికను టైపు చేసేవారి వేగం తగ్గించడానికే తయారు చేశారన్న కథను మాత్రం నిర్ధారితమైన సత్యంలా రాశారు. అది రుజువైన విషయం కాదు. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2011లో ప్రచురించిన వ్యాసంలో, టెలిగ్రాఫ్ సందేశాలను విని రాసుకునే ఆపరేటర్ల అవసరాలే ఆ అమరికను మలిచాయని వాదించారు. అధ్యాపకురాలు ఆ పేజీ దగ్గర ఆగి, ఇక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టుకోండి అని పెన్సిలుతో మా చేత పెట్టించారు.

అదే తరగతిలో ఆవిడ చెప్పిన మరో సంగతి పుస్తకంలో లేదు. ఆ తొలి యంత్రాల్లో అచ్చుకడ్డీలు కాగితం చుట్టిన రోలర్‌ను కింది నుంచి కొట్టేవి గనుక, కొడుతున్న అక్షరం కొట్టేవారికి కనిపించేదే కాదు. మీటలు చూసినా చూడకపోయినా రాత మాత్రం గుడ్డి రాతే. అలాంటి రోజుల్లో, కోర్టులో మాటలను సంక్షిప్తలిపిలో రాసుకునే ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే వ్యక్తి మీటల స్థానాలను కంఠతా పట్టి, అన్ని వేళ్లతో, చూడకుండా కొట్టడం సాధన చేశాడు. 1888 జులై 25న అమెరికాలోని సిన్సినాటీలో లూయీ ట్రాబ్‌తో జరిగిన పోటీలో అతను సునాయాసంగా గెలిచాడు. ట్రాబ్ వాడిన కాలిగ్రాఫ్ యంత్రంలో పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ వేర్వేరు మీటలు ఉండేవి, అతను చూస్తూ కొట్టేవాడు. పోటీ వార్త పత్రికలకెక్కాక చూడకుండా కొట్టే పద్ధతికి పేరొచ్చింది. ఆ కథ విన్న తర్వాత కాసేపు మా తరగతిలో తువ్వాళ్ల కింద చేతులు కొంచెం ఉత్సాహంగానే కదిలాయి. మీటలను వేరే క్రమంలో పేర్చి ఆగస్ట్ డ్వోరాక్ 1936లో పేటెంటు పొందిన అమరిక మేలు కదా, దాన్నెందుకు నేర్పరని ఒకరు అడిగితే, "మీరు రేపు ఏ ఆఫీసులో కూర్చున్నా ఎదురుగా ఉండేది క్వెర్టీయే" అని ఆవిడ ఒక్క మాటలో తేల్చేశారు. నాకు అది చాలనిపించింది.

ఎనిమిదో వారం నుంచి పదకొండో వారం దాకా నా వేగం 27 దగ్గర అతుక్కుపోయింది. ఎంత సాధన చేసినా 26, 27, 28, మళ్లీ 26. ఈ దశలోనే ఇద్దరు తరగతి మానేశారు. టెలిగ్రాఫ్ నేర్చుకునే వారిని పరిశీలించి బ్రయాన్, హార్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1897లోనే ఇలాంటి స్తంభనను గ్రాఫులో చూపించారని అధ్యాపకురాలు బోర్డు మీద ఆ గీత వేశారు: కొన్ని వారాలు పైకి, కొన్ని వారాలు చదునుగా, ఆ తర్వాత మళ్లీ పైకి. ఒక్కొక్క అక్షరంగా పనిచేసే అలవాటు దాని హద్దుకు చేరిందనీ, పదాలను ముద్దగా పట్టుకునే అలవాటు ఇంకా కుదరలేదనీ దానికి వాళ్లు చెప్పిన కారణం. నాకు ఊరట ఇచ్చింది ఆ గ్రాఫు కంటే ఆ తర్వాతి సాధన. వేగంగా కొట్టమని గాక, ప్రస్తుత వేగంలో మూడింట రెండు వంతులకు తగ్గించి, లయ చెడకుండా, ఒక్క తప్పు కూడా లేకుండా ఒక పేజీ కొట్టమన్నారు. అది పూర్తయ్యాక అదే పేజీలోని తరచుగా వచ్చే చిన్న పదాలను ఒక్కొక్కటి ఇరవై సార్లు, ఒకే విసురులో. పన్నెండో వారంలో 27 కాస్తా 32 అయింది. దేనివల్ల అయిందో రుజువు చేయలేను, కాని చిన్న పదాలు వచ్చినప్పుడు ఇప్పుడు అక్షరాలు గుర్తుకు రావు, ఒక చిన్న కదలిక మాత్రమే గుర్తుకొస్తుంది.

పైన అర్థం లేనిదన్న పరీక్ష పన్నెండో వారంలోనే వచ్చింది. ఖాళీ గళ్లతో కీబోర్డు బొమ్మ ఇచ్చి, ఏ అక్షరం ఎక్కడుందో పెన్నుతో నింపమన్నారు, పది మార్కులు. అప్పటికి చూడకుండా 32 పదాలు కొడుతున్న నేను ఆ బొమ్మ ముందు తెల్లముఖం వేశాను. 26లో 16 అక్షరాలు సరిగ్గా పెట్టాను. వి, బి, ఎన్ ఎక్కడున్నాయో వేళ్లను గాలిలో ఆడించి చూసుకుంటే గాని తెలియలేదు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నిమిషానికి సగటున 72 పదాలు కొట్టగల వారు కూడా ఖాళీ కీబోర్డు బొమ్మలో సగటున 15 అక్షరాలనే సరిగ్గా నింపగలిగారట. చేతికి వచ్చిన విద్యను నోటితోనో పెన్నుతోనో చెప్పమంటే రాదు, సైకిల్ తొక్కేవాణ్ని హ్యాండిల్ ఎన్ని డిగ్రీలు తిప్పావని అడిగినట్టే. చూడకుండా కొట్టడాన్ని చేతులతోనే పరీక్షించాలి. ఈ పరీక్ష పాఠ్యపుస్తకంతో వచ్చినదనీ, దాన్ని మార్చే అధికారం తనకు లేదనీ అధ్యాపకురాలు చెప్పారు. నా ఆరు మార్కుల గురించి నేను ఇంకా కొంచెం ఉడుక్కుంటూనే ఉన్నాను.

ల్యాబ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కుర్చీల ఎత్తు మార్చడానికి వీల్లేదు, బల్లలు ఎత్తుగా ఉన్నాయి. మోచేతులు ఇంచుమించు లంబకోణంలో, మణికట్లు తిన్నగా, పాదాలు నేలకు ఆని ఉండాలని పాఠంలో చెప్పి, అలా కూర్చోవడం సాధ్యం కాని చోట కూర్చోబెట్టారు. పొట్టిగా ఉన్నవారు మణికట్లను బల్ల అంచుకు ఆనించి పైకి వంచి కొట్టేవారు. గంటల తరబడి అలా చేస్తే నొప్పి వస్తుంది. కీబోర్డులు కూడా నాలుగు రకాలు. నాకు రెండు వారాలు దక్కిన దానిలో జె మీద ఉబ్బు పూర్తిగా అరిగిపోయి ఉండటంతో, చెయ్యి ఒక గడి పక్కకు జరిగి, నేను నమ్మకంగా కొట్టిన పేరా మొత్తం తెర మీద పిచ్చి రాతలా పడింది. చివరకు ఆ మీట మీద చిన్న అంటు ముక్క అతికించుకున్నాను. ఎవరికైనా ఇలాంటి కీబోర్డు దొరికితే అదే చేయండి, అడిగి ప్రయోజనం లేదు.

అంకెల వరుసకు ఇచ్చిన సమయం రెండే తరగతులు. సెమిస్టర్‌లో నన్ను ఎక్కువగా నిరాశపరిచిన లోటు ఇది. అంకెలు మధ్య వరుసకు రెండు వరుసల దూరంలో ఉంటాయి, వేలు అంత దూరం వెళ్లి గురితప్పకుండా తిరిగి రావాలంటే అక్షరాలకన్నా ఎక్కువ సాధన కావాలి గాని తక్కువ కాదు. లెక్కల పట్టికలు నింపేవారు కుడివైపు ఉన్న విడి అంకెల మీటలతో గట్టెక్కుతారేమో, చిన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అవి ఉండవు. ప్రోగ్రామింగ్ చదివే విద్యార్థులు మా తరగతిలో అయిదుగురు ఉన్నారు. రకరకాల బ్రాకెట్లు, అండర్‌స్కోర్, సమాన గుర్తు, ఇవే వాళ్లకు రోజంతా కావలసినవి, ఇవే తరగతిలో దాదాపు కనిపించనివి. వాళ్లు ఈ తరగతి మీద ఆశ పెట్టుకుంటే సగమే తీరుతుంది.

ఇంత కష్టం అవసరమా అన్న ప్రశ్నను నిజాయతీగా ఎదుర్కోవాలి. ఫిన్‌లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో 30 మంది చేతుల కదలికలను నమోదు చేసి చూస్తే, శాస్త్రీయంగా నేర్చుకున్న వారి సగటు వేగానికీ సొంతంగా నేర్చుకున్న వారి సగటు వేగానికీ పెద్ద తేడా కనిపించలేదు. ఒక అక్షరాన్ని ఎప్పుడూ ఒకే వేలితో కొట్టడం, చేతులను అటూ ఇటూ ఎక్కువ జరపకపోవడం, తర్వాతి మీట దగ్గరికి వేలిని ముందే చేర్చి ఉంచడం, వేగంగా కొట్టేవారి లక్షణాలు ఇవి, వేళ్లు పదా ఆరా అన్నది కాదు. శాస్త్రీయంగా నేర్చుకున్న వారి కళ్లు కీబోర్డు మీద గడిపే సమయం మాత్రం బాగా తక్కువ. అదే విశ్వవిద్యాలయం పాలుపంచుకున్న 2018 నాటి మరో పెద్ద అధ్యయనంలో, 1,68,000 మంది ఇంటర్నెట్‌లో టైపు చేయగా వచ్చిన సగటు నిమిషానికి 52 పదాలు. కాబట్టి ఇప్పటికే ఆరేడు వేళ్లతో 55, 60 కొడుతూ, మెడ నొప్పి లేకుండా, తెర చూస్తూ పని చేసుకోగలవారికి ఈ తరగతి అక్కర్లేదు. వేగం కోసమే వస్తే నిరాశపడతారు. మరో కాగితాన్ని చూస్తూ దానిలోని రాతను ఎక్కించేవారు, అవతలి మనిషి మాట్లాడుతుంటే ముఖం చూస్తూ రాసుకోవలసినవారు, రాస్తూ ఆలోచించేవారు, అంటే కళ్లకు వేరే పని ఉన్నవారు, వీళ్లకు ఇది బాగా అక్కరకొస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాలతో నేర్చుకున్న ఈ విద్య తెలుగు రాయడానికి పనికొస్తుందా అని నాకు మొదట్నుంచీ సందేహం ఉండేది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగుగా మారే పద్ధతి వాడేవారికి నేరుగా పనికొస్తుంది. అచ్చులూ గుణింతాల గుర్తులూ ఎడమవైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడివైపు ఉండే ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు పద్ధతికి అక్షరాల స్థానాలు మొదటి నుంచీ నేర్చుకోవాలి. అయితే ఉబ్బులను తడిమి చేతులు నిలపడం, ఏ వేలి హద్దు ఎంతవరకు అన్నది, చూడకుండా ఉండే నిగ్రహం, ఈ మూడూ అలాగే వెంట వస్తాయి. నేను ఇన్‌స్క్రిప్ట్ మొదలుపెట్టి నెల అయింది. అక్షరాలు తడుముకుంటున్నాను గాని, తల వంచడం లేదు.

చివరి పరీక్షలో నాకు నికర వేగం 38, కచ్చితత్వం 97 శాతం వచ్చాయి. 16 వారాలకు అది గొప్ప అంకె ఏమీ కాదు. ఆ మధ్యాహ్నం అధ్యాపకురాలు మొదటి రోజు గీతల కాగితాలు తెమ్మని, అవే జతలను మళ్లీ కూర్చోబెట్టి, ఒక నిమిషం లెక్కించమన్నారు. ఇచ్చిన వ్యాసంలో ఒక తేదీ, రెండు ధరలు, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. నా 43 పక్కన నా జత కుర్రవాడు 7 అని రాసి, ఆ ఏడు సార్లూ అంకెల దగ్గరేనని కింద చిన్న అక్షరాలతో చేర్చాడు.